ఎండలో పెట్టిన సెల్లులు

తొంభైల చివర్లో ఒక సీజనంతా మా ఇంట్లో ఒక అమ్మాయి ఉంది. సముద్రపు తాబేళ్ళ మీద చదువుతున్నానంది. తాబేళ్ళ మీద కూడా చదువుంటుందని మాకు అప్పుడే తెలిసింది. నిజాంపట్నం అవతల ఒడ్డు మీద మా పాక. మా ఆయన బోటెక్కితే నాలుగైదు రోజులకి గానీ వచ్చేవారు కాదు. ఇంట్లో నేనూ, మా అత్తా. ఆడపిల్ల ఒక్కతే ఒడ్డున తిరగడం బాగోదని, తనతో నడిచే పని నా మీద పడింది.

తెల్లవారకముందే బయల్దేరేవాళ్ళం. ఇసకలో నడక మామూలు నడక కాదు, వేసిన అడుగుని సగం వెనక్కి లాగేస్తుంది. చచ్చిన తాబేలు కొట్టుకొచ్చిన చోటల్లా ఆగాలి. టేపు ఒక చివర నేను పట్టుకుంటే, రెండో చివర తను పట్టి చూసి, చేతిలోని మిషనులో నొక్కుకునేది. చేపల వేలంపాట దగ్గర కొనేవాళ్ళు పట్టుకునే లెక్కల మిషను కన్నా అది కాస్త పెద్దది. ఏది ఎక్కడ పడి ఉందో, ఎంత పొడుగో, ఏ రోజు చూశామో అంతా దాని కడుపులోకే పోయేది. కొలిచాక వీపు డిప్ప మీద ఎర్ర రంగు చుక్క పెట్టేది. ఒకటే రెండుసార్లు లెక్కలోకి రాకూడదట. చుక్క కనబడితే దాటి వెళ్ళిపోవడమే.

చేపలమ్ముకునే వదిన ఒకామె మేం ఎదురుపడ్డప్పుడల్లా ఎగతాళి చేసేది.

"ఏంటమ్మాయ్, తాబేలుకి కూడా పాట పెడుతున్నావా?"

"కుళ్ళినవే మిగిలాయి వదినా, తీసుకుంటావా?" అని నేనే జవాబిచ్చేదాన్ని. అమ్మాయి నవ్వేది కాదు. ఆ వాసనకి పాపం అన్నమే సయించేది కాదు.

మిషనులో ఉన్నదాన్ని బాపట్లలో ఒక కంప్యూటరులోకి దింపుకోవాలి. ఆ కంప్యూటరు పాడై కూర్చుంది. ఇవాళ రేపు అంటూనే ఎండలు ముదిరిపోయాయి. సీజనంతా నడిచిన నడక ఆ ఒక్క మిషనులోనే ఉండిపోయింది. అది చూపిస్తేనే తనకి పట్టా, లేకపోతే ఇంకో ఏడాది. ఇంకో ఏడాదంటే ఇంట్లో ఒప్పుకోరక్కా అని ఒకసారి అంది.

అప్పుడే మిషను సెల్లులు నీరసించాయి. కొత్తవి మా ఊళ్ళోనే దొరుకుతాయి కానీ, అవి మార్చే కాసేపూ లోపలున్నది చెరిగిపోకుండా ఒక చిన్న బిళ్ళ సెల్లు కాపాడుతుందట. ఆ బిళ్ళ అయిపోయింది. అది దొరికేదాకా నీరసించిన సెల్లుల్నే కదపకుండా ఉంచాలి. ఈ సంగతంతా తను నాకు చెప్పింది. మా అత్తకి మాత్రం, సెల్లు నీరసించింది మామ్మగారూ, తెనాలి వెళ్ళొస్తాం అని, అంతే చెప్పింది. మిషను బస్సులో నలుగుతుందని ఇంట్లోనే ఉంచి, నమూనాకి ఆ బిళ్ళ ఒక్కటీ కొంగున ముడేసుకున్నాం.

రేపల్లెదాకా బస్సులో నిలబడే వెళ్ళాం. అక్కడ దొరకలేదు. తెనాలి ప్యాసింజరు ఎక్కాం. వాచీలు బాగుచేసే ప్రతి కొట్లోనూ బిళ్ళ చూపించడం, వాళ్ళు తిప్పి చూసి తిరిగిచ్చేయడం. స్టేషన్ దగ్గర ఆఖరి కొట్లో ముసలాయన సొరుగంతా గాలించి అలాంటిదే ఒకటి తీశాడు. అమ్మాయి అక్కడే బల్ల మీద కూలబడి కళ్ళు మూసుకుంది. తిరుగు రైల్లో నా భుజం మీద తల పెట్టి రేపల్లెదాకా నిద్రపోయింది.

మేం వచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. వాకిట్లో చేపలు ఆరబోసి, పక్కన చేటలో మిషను సెల్లులు పెట్టుకుని, చేతిలో కర్రతో కాకుల్ని తోలుతూ కూర్చుంది మా అత్త. రేడియో గొంతు సన్నబడినా, టార్చి ఎర్రబడినా మా ఇళ్ళల్లో చేసేది అదే కదా, సెల్లు తీసి ఎండలో పెడతాం.

"పొద్దుటి నుంచీ తిప్పి తిప్పి ఎండబెట్టానమ్మా. కాకి ముట్టకుండా చూశాను. వేసి చూడు."

అమ్మాయి వాటిని తీసుకుంది. కాలుతున్నాయి. మెల్లగా లోపల పెట్టి మీట నొక్కింది. వెలిగింది. మళ్ళీ మళ్ళీ మీటలు నొక్కి చూసి, నాకు మాత్రమే వినబడేలా, "తారీఖు అడుగుతోందక్కా. కొత్తదాన్లా," అంది.

"పనిచేస్తోందా?" అని అడిగింది మా అత్త.

"చేస్తోందండి మామ్మగారూ. బాగా పట్టింది ఎండ."

ఆ పూట ఇద్దరం అన్నం ముందు కూర్చుని కెలికి లేచాం. నాకు గుర్తున్నవన్నీ చెబుతాను, మళ్ళీ నొక్కుకో అన్నాను. ఏది ఎక్కడ పడిందో నాకు అన్నీ గుర్తే. చూసింది చూసిన రోజే ఎక్కాలి, గుర్తుంది అంటే కాలేజీలో వాళ్ళు ఒప్పుకోరక్కా అంది.

మర్నాడు మామూలుగానే లేచింది. కాళ్ళు పీకుతున్నా నేనూ లేచాను. కొంతదూరం పోయాక ఇసకలో సగం కూరుకుపోయిన డిప్ప, దాని మీద ఎర్ర చుక్క. అలవాటుకొద్దీ దాటి వెళ్ళిపోయాను. వెనక అడుగుల చప్పుడు లేదు. తిరిగి చూస్తే మోకాళ్ళ మీద కూర్చుని టేపు విప్పుతోంది.

"ఉన్నవైనా కొలుద్దామక్కా."

వెనక్కి నడిచి వెళ్ళి చివర పట్టుకున్నాను.

అవి చాల్లేదన్నారట. ఇంట్లో ఎలా ఒప్పించిందో, మరుసటి ఏడు మళ్ళీ మా పాకకే వచ్చింది. గడపలోనే మా అత్త అడిగింది, సెల్లులు బాగున్నాయా, నీరసిస్తే నాకియ్యి అని. అమ్మాయి సంచీలోంచి వాడేసినవి తీసి మా అత్త చేతిలో పెట్టింది. నేను టేపు ఎక్కడ పెట్టానో వెతకడానికి లోపలికి వెళ్ళాను.