బాబాయి క్లారినెట్టు వెనుక ఎవరుండాలి

మా బాబాయి ఆ మాట అడిగిన రోజు నేను పదో తరగతి లెక్కల పేపర్లు దిద్దుకుంటున్నాను. రాజోలు అవతల పల్లెలో ఉంటాడాయన. అమలాపురంలో బస్సు దిగి మా ఇంటిదాకా ఎండలో నడిచి వచ్చాడు. చేతిలో క్లారినెట్టు పెట్టె. పెళ్ళి లేని రోజున దాన్ని మోసుకొచ్చాడంటే ఏదో ఉందనుకున్నాను. మంచినీళ్ళు తాగి పెట్టెని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఏమే అమ్మాయ్, నువ్వు గుడిలో పాటలకి వరసలు కడతావు కదా. నాకో ముక్క రాసిపెట్టవే," అన్నాడు.

"ఏం ముక్క బాబాయ్?"

"జనం కూర్చుని వినేది."

బాబాయి నలభై ఏళ్ళుగా బ్యాండు మేళంలో క్లారినెట్టు వాయిస్తున్నాడు. పెళ్ళికొడుకు కారు ముందు నడుస్తూ, చెప్పుల కింద టపాసుల కాగితాలు నలుగుతుంటే, సినిమా పాట తరవాత సినిమా పాట. ఊరేగింపులో అందరూ నడిచేవాళ్ళే. ఎక్కడైనా ఆగారంటే కుర్రాళ్ళు చిందులెయ్యడానికే. ఆయన వాయిస్తుండగా ఒక మనిషి కుర్చీ లాక్కుని కూర్చుని, చేతులు కట్టుకుని విన్నది ఎప్పుడూ లేదట. ఆ సంగతి ఆ రోజే చెప్పాడు, అది కూడా నవ్వుతూ. పై వరస పళ్ళు ఆ ఏడాదే కట్టించుకున్నాడు. నవ్వితే కొత్తవాడిలా కనిపించాడు.

రాస్తానని మాటిచ్చేశాను. మా అమ్మ మా చర్చి గుడిలో క్వయర్ నడిపేది, అందరి చేతా కలిపి పాడించేది. ఆవిడ దగ్గరే గీతల మీద స్వరాలు రాయడం, చదవడం నేర్చుకున్నాను. కీబోర్డు వాయిస్తాను. ఒక వాయిద్యం ముందుండి మాట్లాడుతుంటే మిగిలినవన్నీ దానికి బదులు చెప్పే రచనని పాశ్చాత్యులు కన్చెర్టో అంటారని తెలుసు. విన్నాను కూడా. కాని వినడం వేరు. మర్నాడు తెల్ల కాగితం ముందు కూర్చుంటే మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. ముందు బాబాయి ఉంటాడు. వెనుక ఎవరుండాలి?

బాబాయి మేళంలో ఆయన కాక ఇంకో రెండు క్లారినెట్లు, నాలుగు ట్రంపెట్లు, ఒక శాక్సఫోను, గుమ్మడికాయంత నోరున్న యుఫోనియం, చిన్న డ్రమ్ము, పెద్ద డ్రమ్ము ఉన్నాయి. ఉన్నవాళ్ళందరినీ పెట్టేస్తే సరిపోతుందనిపించింది. అందరూ ఎందుకు, నా కీబోర్డు చాలదా అని కూడా అనిపించింది. మా పాస్టరు అయ్యగారిని అడిగితే, "డ్రమ్ములు లేకుండా ఉంటే బావుంటాదమ్మా, గుడి హాలు కదా," అన్నారు. బాబాయిని ఫోనులో అడిగితే, "పెద్ద డ్రమ్ము లేకపోతే నాకు కాలు ఎక్కడెయ్యాలో తెలీదే," అన్నాడు. కూర్చుని వినే పాటలో కాలెందుకు బాబాయ్ అనబోయి ఊరుకున్నాను.

కంప్యూటరులో రాసుకున్నాను. స్వరాలు పెట్టి బొత్తాం నొక్కితే అన్ని వాయిద్యాలూ అదే వాయించి వినిపిస్తుంది. నాలుగు ట్రంపెట్లు గట్టిగా పాడుతున్నా, వాటి మధ్య క్లారినెట్టు కింది స్వరాలు తేనెలా స్పష్టంగా వినిపించాయి. పొంగిపోయాను. మూడు వారాలు రోజూ బడి నుంచి రాగానే అదే పని.

మేళంవాళ్ళకి గీతల మీద చదవడం రాదు. ఎవరి భాగం వాళ్ళకి నేనే సరిగమల్లో పాడి, వాయిస్ మెసేజీలుగా ఫోనులో పంపాను. మూఢం వచ్చింది, పెళ్ళిళ్ళు ఆగాయి, అందరికీ తీరిక దొరికింది. ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్ళ ఊళ్ళో కొబ్బరికాయలు ఒలిచే షెడ్డులో కలుసుకున్నాం. ఒక మూల కాయల రాశి, ఒక మూల పీచు గుట్ట. ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. నేను చెయ్యి ఎత్తాను.

వాళ్ళు మొదలుపెట్టగానే రెండు ఊరేగింపులు ఒక సెంటర్లో ఎదురుపడ్డట్టయింది. శాక్సఫోను ఒక పెళ్ళి, మిగతావాళ్ళు ఇంకో పెళ్ళి. ఆ వాయిద్యానికి సా వేరు, క్లారినెట్టుకి సా వేరు, నా కీబోర్డుకి వేరు. లెక్క వేసే రాశాను. లెక్కల టీచరునై ఉండి, పైకి జరపాల్సినదాన్ని కిందికి జరిపాను. శాక్సఫోనాయన తప్పు పట్టలేదు. "ఇలాగే ఉంటాదేమో అనుకున్నానండీ," అన్నాడు మర్యాదగా.

అది దిద్దుకున్నాం. రెండోసారి వాయిస్తే అసలు సంగతి బయటపడింది. బాబాయి బుగ్గలు కదులుతున్నాయి, వేళ్ళు కదులుతున్నాయి, నాకు మాత్రం ఏమీ వినిపించడం లేదు. ఆరడుగుల దూరంలో నిలబడి కూడా వినలేకపోయాను. కంప్యూటరులో తేనెలా ఉన్న చోట ట్రంపెట్లు తప్ప ఇంకేం లేవు. అది నాకు అబద్ధం చెప్పిందా, నేనే నమ్మాలని నమ్మానా తెలియలేదు. బాబాయి మాత్రం ముక్క అయిపోగానే, "బావుందే," అన్నాడు. దేన్ని బావుందన్నాడో అర్థం కాలేదు.

ఇంటికొచ్చి కొట్టివేతలు మొదలుపెట్టాను. రెండు ట్రంపెట్లు తీసేశాను. మర్నాడు మిగిలిన రెండూ తీసేశాను. డ్రమ్ములు తీసేశాను, పెద్ద డ్రమ్ముని మళ్ళీ పెట్టాను. కాగితం మీద తేలిగ్గానే ఉంది. కాని నేను కొట్టేసిన ప్రతి గీతకీ ఒక మనిషి ఉన్నాడు, ఆ మనిషికి నేను ఫోను చేసి చెప్పాలి. "మీ భాగం తగ్గించానండీ" అన్నాను ఒకరితో. "ఈసారికి వద్దనుకుంటున్నామండీ" అన్నాను ఇంకొకరితో. అందరూ "ఆయ్, అలాగేనండీ" అన్నారు. ఆ ఆయ్‌లో కోపముందో లేదో పోల్చుకోలేకపోయాను.

మూడో రోజు సాయంత్రం ట్రంపెట్టు మావయ్యగారు మా ఇంటికి వచ్చారు. మాకు చుట్టం కాదు. బాబాయితో ముప్పై ఏళ్ళుగా మేళంలో పక్కపక్కన నడిచిన మనిషి కాబట్టి చిన్నప్పటి నుంచి నాకు మావయ్యగారే. గుమ్మంలోనే నిలబడ్డారు.

"టీచరుగారూ, నా వాయిద్యంలో ఏమన్నా లోపమాండీ?"

"అయ్యో, అదేం లేదు మావయ్యగారూ. బాబాయి వినపడటం లేదని..."

"ఆయ్. అది నిజమేనండీ. మేం నలుగురం ఊదితే ఎవరూ వినపడరు. ముగ్గుర్ని తీసెయ్యండి, నేనేం అనను. నన్ను తీసేస్తే మాత్రం మీ బాబాయిగారికి కష్టమండీ."

ఏం కష్టమని అడిగాను. ఆయన లోపలికి వచ్చి, కూర్చుని, వీధి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించారు.

"పైకెళ్ళే సంగతి ఎప్పుడొచ్చినా మధ్యలో ఒక మెట్టుంటాదండీ. కింది స్వరాల్లోంచి పై స్వరాల్లోకి దాటే చోటు. అక్కడ ఆయనకి గాలి చాలదండీ. ఇప్పుడు కాదు, ఎనిమిది తొమ్మిదేళ్ళ నుంచీ. ఆ చోటు రాగానే నేను ఎత్తుకుంటాను. ఆయన మెట్టెక్కి పైనుంచి అందుకుంటాడు. జనానికి తెలీదు. మేళంలో వాళ్ళకీ తెలీదండీ."

"బాబాయికి తెలుసా?"

"ఏమోనండీ. ఎప్పుడూ అడగలేదు."

ఆయన వెళ్ళిపోయాక నా రాతని మళ్ళీ చూసుకున్నాను. ముక్క మొత్తం ఆ మెట్టు మీదే నిలబెట్టాను. కింద నుంచి మొదలై, నెమ్మదిగా పాకుతూ వెళ్ళి, పై సా మీద పొడుగ్గా నిలిచే వరస అది. అందుకే బావుంటుందనుకున్నాను. ఇప్పుడు వెనుక ఎవరూ లేకుండా బాబాయిని ఆ చోట ఒంటరిగా నిలబెడుతున్నాను. జనం కూర్చుని వింటారు కూడా. వరస మార్చేద్దామా? మారిస్తే ఎందుకు మార్చావని బాబాయి అడుగుతాడు. ట్రంపెట్టుని పెడితే ఆయన గొంతు ఎక్కడ ఆగి ఇంకొకరిది ఎక్కడ మొదలైందో వినేవాళ్ళకి తెలిసిపోతుంది. ఊరేగింపులో దాగినది హాల్లో దాగదు. పోనీ నేరుగా బాబాయినే అడుగుదామా? ఏమని అడగను? నాలుగు రోజులు అన్నం తింటూ, బోర్డు మీద లెక్క చేస్తూ ఇదే ఆలోచన. ఒకరోజు క్లాసులో సమీకరణం సగం రాసి ఆగిపోతే పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

చివరికి మావయ్యగారిని మళ్ళీ రమ్మన్నాను. తరవాతి సాధనలో ఆయనని బాబాయి పక్కన కాకుండా వెనుక కూర్చోబెట్టాను. ట్రంపెట్టు గట్టిగానే ఉంది. ఆయన లేచి వెళ్ళి, షెడ్డు మూల నుంచి కొబ్బరి చిప్ప ఒకటి తెచ్చి ట్రంపెట్టు నోటికి అడ్డంగా పట్టుకుని ఊదారు. ధ్వని ఎక్కడో కాలవ అవతల నుంచి వస్తున్నట్టు వచ్చింది. అందరం నవ్వాం. కాని అదే కావలసింది. యుఫోనియం అడుగున మెత్తగా పట్టి ఉంచింది. రెండు క్లారినెట్లు మధ్యలో. శాక్సఫోను, బాబాయి ఊపిరి తీసుకునే సందుల్లో మాత్రమే. పెద్ద డ్రమ్ము వేలితో తట్టినంత. ఆ మెట్టు రాగానే చిప్ప వెనుక నుంచి ట్రంపెట్టు అందుకుంది, బాబాయి పైనుంచి కలిశాడు. నాకు కన్నీళ్ళొచ్చాయి. వాయిద్యాలు కుదిరినందుకో, ఏదో దాచిపెట్టినందుకో తేల్చుకోలేకపోయాను. తీసేసిన ముగ్గురు ట్రంపెట్లవాళ్ళూ ఆ రోజు వచ్చి గోడవార నిలబడి విన్నారు. వాళ్ళ వైపు చూడలేకపోయాను.

మా గుడి హాల్లో ఆదివారం సాయంత్రం ఆరాధన తరవాత కచేరీ పెట్టుకున్నాం. ఎనభై కుర్చీలు వేస్తే ఇంచుమించు నిండాయి. మేళంవాళ్ళ ఇళ్ళవాళ్ళు అంతా వచ్చారు. బాబాయి తెల్లచొక్కా వేసుకున్నాడు. ఊరేగింపుల్లో వేసుకునే జరీ కోటు తేలేదు.

మొదటి భాగం అనుకున్నట్టే నడిచింది. క్లారినెట్టు అడుగు స్వరాలు, ముసురు పట్టిన రోజు మబ్బులాంటివి, హాలంతా పరుచుకున్నాయి. నిజంగానే జనం చేతులు కట్టుకుని కూర్చున్నారు. వరస పైకి పాకడం మొదలైంది. మెట్టు వచ్చింది. నేను మావయ్యగారి వైపు చెయ్యి చాపాను.

ఆయన ఊదలేదు.

చిప్ప ట్రంపెట్టుకి అడ్డంగా పట్టుకునే ఉన్నారు. కళ్ళు బాబాయి మీద ఉన్నాయి. బాబాయి ఒక్కడే ఎక్కుతున్నాడు. స్వరం సన్నబడింది, గాలి మాత్రమే వినిపించింది, తరవాత కీచుమని పగిలింది. ముందు వరసలో ఎవరో తల ఎత్తారు. బాబాయి క్లారినెట్టు పెదాల నుంచి తియ్యలేదు. హాల్లో అందరికీ వినపడేలా ఊపిరి పీల్చి, అదే స్వరాన్ని మళ్ళీ మొదలుపెట్టి, ఈసారి వణుకుతూనే దాటాడు. పై సా మీద నేను రాసినంత సేపు నిలవలేదు. సగమే. నేను చెయ్యి గాల్లో ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే ఉంచేశాను. యుఫోనియమాయనే నన్ను చూసి మిగతాది నడిపించాడు.

చప్పట్లు కొట్టారు. చాలాసేపే కొట్టారు. మర్యాదకో, నచ్చో తెలియదు. అయ్యగారు, "ఆ మధ్యలో ఆగడం చాలా బావుందమ్మా, అలా రాయాలని ఎలా తోచింది?" అన్నారు. తల ఊపాను.

హాలు బయట మావయ్యగారిని పట్టుకున్నాను. "ఎందుకు ఊదలేదండీ?"

"ఆయన కళ్ళతో వద్దన్నారండీ. సరిగ్గా ఆ చోటు రాబోయే ముందు, ఊపిరి తీసుకునే సందులో, వెనక్కి తిరిగి చూసేరు. మీరప్పుడు శాక్సఫోను వైపు చూస్తున్నారు."

"అంటే ఆయనకి తెలుసన్నమాట!"

"ఆయ్. తెలుసన్నమాటేనండీ," అన్నారాయన. ఆయన మొహం కూడా నా మొహంలాగే అయోమయంగా ఉంది. తొమ్మిదేళ్ళు దాచానని అనుకున్న మనిషి మరి.

బాబాయి పంపు దగ్గర మొహం కడుక్కుంటున్నాడు. నేను వెళ్ళి నిలబడ్డాను. అడగకముందే ఆయనే అన్నాడు.

"ఎలా ఉంటాదో చూద్దామనిపించిందే. రోజూ వాడే ఎక్కిస్తున్నాడు. నేను ఎక్కగలనో లేదో నాకే తెలీకుండా పోయింది."

"పగిలింది కదా బాబాయ్."

"పగిలింది. విన్నాన్లే," అని తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. బాధపడుతున్నాడనుకున్నాను. కాని మేళంవాళ్ళతో కలిసి ఉప్మా తింటూ అందరికంటే గట్టిగా మాట్లాడింది ఆయనే. మావయ్యగారి పక్కనే కూర్చున్నాడు. ఇద్దరూ ఆ సంగతి ఎత్తినట్టు లేదు.

ఆ తరవాత వారం సాపు ప్రతి రాయడానికి కూర్చున్నాను. ట్రంపెట్టు గీత ఆ మెట్టు దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగింది. అక్కడ స్వరాలు రాయాలా, ఖాళీ ఉంచాలా? రాస్తే సాధనలో జరిగినది. ఖాళీ ఉంచితే హాల్లో జరిగినది. ఏది నా ముక్కో నాకు తెలియడం లేదు. పెన్సిలుతో రాశాను. చెరిపాను. మళ్ళీ రాశాను.

మొన్న కొత్తపేట నుంచి ఒక క్లారినెట్టు ఆయన ఫోను చేశాడు. ఎవరో పంపిన వీడియో చూశాడట. మా మేళంలో కూడా వాయించుకుంటామండీ, పంపుతారా అన్నాడు. ఏయే వాయిద్యాలు కావాలో కూడా చెప్పమన్నాడు. క్లారినెట్లు మూడు, శాక్సఫోను, యుఫోనియం, పెద్ద డ్రమ్ము అని చదివాను. "ట్రంపెట్టు ఉందాండీ మరి?" అన్నాడు. రేపు చెబుతానన్నాను. ట్రంపెట్టు ఉందని చెప్పాలా వద్దా అడుగుదామని వెంటనే బాబాయికి ఫోను చేశాను. ఆయన అల్లవరంలో ఏదో ఊరేగింపులో ఉన్నాడు. డ్రమ్ముల మోతలో నా మాట ఆయనకి అందలేదు. "ఏంటే? గట్టిగా చెప్పవే!" అని రెండుసార్లు అరిచాడు. తరవాత మాట్లాడదాంలే అని పెట్టేశాను.