తాడు పట్టినవాళ్ళందరూ అడ్మిన్లే

ఈ సంగతి ఎప్పుడో రాయాల్సింది. రాయలేకపోవడానికి కారణం, యాభై దాటేదాకా నాకు అక్షరాలు రావు. సాయంత్రం బడికి వెళ్ళి నేర్చుకున్నాను. నేర్చుకున్న కొత్తలోనే ఈ ఘనకార్యం చేశాను. అక్షరాలకూ అవమానానికీ మధ్య నాకు రాసుకునే తీరిక దొరకలేదు. ఈలోగా కళింగపట్నంలో జనం దీన్ని తలోరకంగా చెప్పుకోసాగారు. ఒకరి కథలో నేను కిరండూలు రైలునే ఆపించేశాను. రైలు నేను ఆపలేదు. మిగతా విధ్వంసమంతా నాదే.

మాది ఎండుచేపల ఆడవాళ్ళ సంఘం. ఒకసారి విజయనగరం షావుకారొకాయన ఎండురొయ్యలు కావాలని ఫోను చేస్తే, మాలో ముగ్గురు మూడు మాటలు చెప్పారు. ఒకరు ఉన్నాయన్నారు, ఒకరు లేవన్నారు, ఇంకొకరు ఆయన్నే "ఎవుర్నువ్వు?" అన్నారు. అది చూసి నా చిన్నకోడలు సంధ్య మాకో ఏర్పాటు చేసిపెట్టింది. ఆ పిల్ల శ్రీకాకుళంలో కంప్యూటరు ఉద్యోగం చేస్తుంది.

"అత్తా, ఇది క్లౌడు. అంటే ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్లో మనకి కొంచెం చోటు అద్దెకి తీసుకున్నాం. మన సరుకు ఫొటోలు, వచ్చే ఆర్డర్లు అన్నీ అందులోనే ఉంటాయి. అందరి ఫోన్లలోనూ కనిపిస్తాది."

"క్లౌడంటే ఏటే?"

"మబ్బు."

చేపలు ఎండబెట్టుకునేవాళ్ళకి మబ్బుని మించిన శత్రువు లేదు. తెచ్చి తెచ్చి దాన్నే మా నెత్తిన పెట్టింది. సరే, చదువుకున్న పిల్ల కదా అని ఊరుకున్నాను.

మా ఆడవాళ్ళకి చదువు రాదు కాబట్టి పేర్ల బదులు అందరి ముఖాలూ పెట్టింది. ముఖం మీద నొక్కి ఆకుపచ్చ గుండ్రం నొక్కితే ఆ మనిషి లోపలికి, ఎర్ర గుండ్రం నొక్కితే బయటికి. ఆ అధికారం ఉన్నవాళ్ళని అడ్మిన్ అంటారట. సంఘంలో అక్షరం ముక్క వచ్చినదాన్ని నేనొక్కదాన్నే గనక నన్నే అడ్మిన్ చేసింది.

"అత్తా, అడ్మిన్లు ఇద్దరుంటే సాలు. మిగతావోళ్ళకి ఎవరి పనికి ఎంత గావాలో అంతే ఇయ్యి. నా పేరు కూడా ఉంచు, ఏదైనా అయితే అక్కరకొస్తాది."

ఇక్కడ చదివేవాళ్ళు ఒక్క క్షణం ఆగి నా తెలివిని చూడాలి. మా అత్త పోయేదాకా ఇంటి తాళాలు నా చేతికివ్వలేదు. నేను మాత్రం కోడలికి ఇచ్చేస్తానా? "ఇంటి తాళాలు అత్త దగ్గరుండాల గానీ కోడలి దగ్గరేటి?" అని ఆ సాయంత్రమే సంధ్య ముఖం మీద ఎర్ర గుండ్రం నొక్కేశాను. మొదటి తప్పు అది.

రెండోది ఇంకా ఘనమైనది. ఒడ్డు నుంచి పెద్దవల లాగేటప్పుడు తాడు మీద చెయ్యి వేసిన ప్రతి మనిషికీ చేపల్లో వాటా ఉంటుంది. చెయ్యి ముసలిదా, పడుచుదా అని చూడరు. ఆ లెక్కన సంఘంలో అందరం తాడు పట్టినవాళ్ళమే కదా? ధర్మాత్మురాలిలా అందరినీ అడ్మిన్లు చేసేశాను. అప్పలమ్మత్తను కూడా. ఆవిడ ఫోనుని నడుముకి కట్టుకుని తిరగడమే తప్ప తెరిచి చూసింది లేదు. మంది ఎక్కువైతే మజ్జిగ పలచనవుతుందంటారు. అడ్మిన్లు ఎక్కువైతే అసలు కుండే మిగలదు.

కొన్నాళ్ళు బాగానే గడిచింది. ఒకరోజు పొద్దున్నే అదే షావుకారు నుంచి పెద్ద ఆర్డరు వచ్చింది. మా దగ్గరున్న ఎండురొయ్యలన్నీ ఆయనకే కావాలట. ఫోను చేస్తే ఆయన మర్యాదగానే చెప్పాడు.

"నోటిమాట నాకొద్దు తల్లీ. మీ నోటిమాటలు ఓసారి యిన్నాను. దీపాలెట్టే యేళకి ఆ పేజీలో ఒప్పుకుంటే రేపు బండి పంపుతాను. నేదంటే ఇంకోసోట సూసుకుంటాను."

ఆకాశం చూస్తే తూర్పున నల్లబడుతోంది. ఈ సరుకు ఇప్పుడు కదలకపోతే చెమ్మ పట్టి, ఎండలున్నన్నాళ్ళూ మేం పడ్డ పాటంతా కోళ్ళ మేతకి పోతుంది. షావుకారు రొయ్యల ఫొటో కూడా అడిగాడు. దానాలమ్మ ఫొటో తీసి ఎక్కించబోతే ఎక్కలేదు. చోటు నిండిపోయిందట.

"ఏటి నిండిపోనాది? సముద్రమంత సోటన్నారు గదా!" అంటూ దానాలమ్మ ఆ మబ్బులోకి వెళ్ళి చూసింది. ఆవిడ తోటికోడలు పరదేశమ్మ తన మనవడి పుట్టువెంట్రుకల వేడుకంతా వీడియోలుగా అందులో నింపేసింది. వాడు ఏడ్చినదొకటి, ఊరుకున్నదొకటి, మళ్ళీ ఏడ్చినదొకటి. ఆ ఇద్దరు తోటికోడళ్ళకీ ఏళ్ళుగా మాటల్లేవు. దానాలమ్మ అడగనూ లేదు, చెప్పనూ లేదు. మొత్తం చెరిపేసింది.

పరదేశమ్మ గాలితో చెప్పినట్టు చెప్పింది. "నా మనవడి జుట్టు రెండుసార్లు తీసేసినారోలమ్మో! ఒకసారి మంగలోడు, ఒకసారి ఈ మా తల్లి!" అంటూనే దానాలమ్మ ముఖం మీద ఎర్ర గుండ్రం నొక్కింది.

దానాలమ్మ చెల్లెలు ఊరుకుంటుందా? పరదేశమ్మని తీసేసింది. పరదేశమ్మ వియ్యపురాలు ఆ చెల్లెలిని తీసేసింది. ఇసకలో చేపల బుట్టల మధ్య కూర్చుని, ఎవరూ గొంతు పెంచకుండా, చల్లగా, బఠానీలు తిన్నట్టు ఒకరినొకరు నొక్కేసుకున్నారు. తలెత్తి చూసేసరికి సగం సంఘం లేదు.

"ఆపండే! సిన్నపిల్లలేటి?" అని పెద్దరికం చూపించాను.

"నువ్వు ఆళ్ళ యేపా?" అంది ఒకతె.

"నేను ఎవుల యేపూ కాదే."

"అయితే మా యేపు కూడా కాదన్నమాట." నొక్కేసింది.

నా ఫోను చూసుకున్నాను. 'మీకు ప్రవేశం లేదు' అని ఉంది. చదవడం వచ్చినందుకు మొదటిసారి బాధపడ్డాను.

ఆఖరి ఇద్దరూ ఒకే క్షణంలో ఒకరినొకరు నొక్కేసుకున్నారు. చివరికి మిగిలినదెవరో చూడమంటే, మిగిలితే కదా చూడటానికి! సంధ్యకి ఫోను చేశాను.

"అత్తా, నా పేరుతో సూస్తానుండు... నా పేరేదీ?"

చేసిన పని చెప్పుకున్నాను. ఆ పిల్ల నిదానంగా అడిగింది. "ఎవుర్ని ఎవురు నొక్కినారో ఒకసారి సెప్పు."

చెప్పుకుంటూ పోతే ఎవరూ నొక్కని ముఖం ఒక్కటే తేలింది. అప్పలమ్మత్త. ఆవిడతో ఎవరికీ తగువు లేదు. ఎందుకంటే ఆవిడ ఊళ్ళో లేదు. కూతురి పురుడికని కొత్తవలసలో కిరండూలు బండెక్కింది. ఆ దారంతా కొండలు, సొరంగాలు.

మధ్యాహ్నమంతా ఫోను చేస్తూనే ఉన్నాం. మోగదు. మోగితే ఎత్తదు. పొద్దు వాలుతుండగా ఎత్తింది. సంధ్య కూడా అదే ఫోనులో కలిసింది.

"అప్పలమ్మత్తా! ఫోను తెరిసి మన సంఘం బొమ్మ నొక్కు," అన్నాను.

"ఉండే. పక్కనున్న బాబుకిస్తాను, ఆయన నొక్కుతాడు."

"వద్దు!" అని సంధ్య అరిచింది. "పరాయోళ్ళ సేతికియ్యకు. నువ్వే నొక్కాల."

అంతలో సొరంగం. మాట పోయింది. మేమంతా ఇసకలో నా ఫోను చుట్టూ చేరాం. కాసేపటికి మళ్ళీ గొంతు వచ్చింది.

"నొక్కినానే. అందరి మొకాలూ ఉన్నాయి. అందరూ బూడిద రంగులో ఉన్నారు, ఏటైనాదే మీకు? బతికే ఉన్నారా?"

"బతికే ఉన్నాం! నా మొకం మీద నొక్కు. ఆకుపచ్చది నొక్కు. బేగి!"

"నీ మొకం కనిపిస్తన్నాది. నిన్న ఊర్నుంచి బయల్దేరేటప్పుడు నన్ను పీత బుర్ర అన్నావు కదే?"

షావుకారు చెప్పిన వేళ అయిపోతోంది. అవతల రైలు పెట్టెలో దీపాలు వెలిగాయని కూడా ఆవిడే చెప్పింది.

"అన్నాను. తప్పయిపోనాది."

"అందరికీ యినిపించేలా సెప్పు."

చెప్పాను. సముద్రానికి కూడా వినిపించేలా చెప్పాను. ఇంకో సొరంగం వచ్చేలోపు నా ఫోనులో నా ముఖానికి రంగు వచ్చింది. రొయ్యల ఫొటో ఎక్కించి 'ఒప్పుకున్నాం' నొక్కాను. షావుకారు నుంచి 'సరే' అని జవాబు రాగానే, అంతవరకూ ఒకరినొకరు తీసేసుకున్న ఆడవాళ్ళందరూ ఒకరి భుజాల మీద ఒకరు పడి నవ్వారు. తోటికోడళ్ళు తప్ప.

కాబట్టి ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. నేను బతికుండగా వాటా వేరు, అధికారం వేరు. గంగమ్మతల్లే వచ్చి అడ్మిన్ చెయ్యమని అడిగినా, 'ఏ పనికి తల్లీ? ఎన్నాళ్ళకి?' అని అడిగాకే ఇస్తాను. పని అయిపోగానే ఎర్ర గుండ్రం నొక్కుతాను. కోడలి పేరు జోలికి మాత్రం పోను.

మర్నాడు పొద్దున బండి వచ్చి సరుకు వెళ్ళిపోయాక అందరినీ కూర్చోబెట్టాను. ఎండబెట్టేవాళ్ళకి ఫొటోలు, మూటలు కట్టేవాళ్ళకి ఆర్డర్లు, సంధ్య పేరు లోపలికి. అడ్మిన్లు ఇద్దరే. ఎవరా ఇద్దరని అందరూ మెడలు చాచారు.

"పరదేశమ్మా, దానాలమ్మా. ఏది సెయ్యాలన్నా ఇద్దరూ నొక్కాల. ఒకరి తప్పు ఒకరు ఎతకడంలో ఈళ్ళని మించినోళ్ళు ఈ ఒడ్డునే నేరు."

నేను అడ్మిన్‌గా దిగిపోయి, ఎండిన నెత్తళ్ళ చేపల ఫొటో ఒకటి తీసి పంపాను. పరదేశమ్మ ఒప్పుకుంది. దానాలమ్మ ఒప్పుకోలేదు.

"ఏటే దానాలూ, నెత్తళ్ళు బాగోనేదా?"

"నెత్తళ్ళు బాగున్నాయి. పక్కన నీ బొటనేలు ఉన్నాది. అది సరుకులోదా?"

ఏళ్ళ తర్వాత మొదటిసారి పరదేశమ్మ తోటికోడలి వైపు తిరిగింది. "ఔనే, నాను సూడనేదు," అంది.

నేను వేలు పక్కకి తీసి ఫొటో మళ్ళీ తీశాను.