పెద్దగుండు కింద సొరంగం

చనిపోయిన రోజు పొద్దున మా బాపు చింతచిగురు దూసుకొచ్చి అమ్మ ఒళ్లో పోశాడు. "పప్పుల ఎయ్యి. పులుపు జర సూసుకో" అన్నాడు. పప్పు ఉడికేసరికి ఆయన లేడు.

బాపు పేరు పర్వతాలు. సాగరు నీళ్లకు ఊరు మునిగాక హాలియా పక్కన పొలాల్లో కైకిలి కూలికి పోయాడు గానీ, అంతకుముందు కృష్ణలో చేపలు పట్టేవాడు. వలతో కాదు, మునిగి, రాళ్ల సందుల్లో చేతులు పెట్టి. మా రేవులో పెద్దగుండు అనే బండ కింద ఒక సొరంగం ఉండేది. ఎండాకాలం నది సన్నబడితే చేపలన్నీ అందులోకే చేరతాయని ఆయన నమ్మకం. దాని చివర చూడాలని ఎన్నిసార్లో మునిగాడు. సగంలోనే ఊపిరి అయిపోయేది. సాగరు కట్ట లేస్తే ఇక అది ఎవరికీ అందదు.

1960 ఎండాకాలం నది అడుగు పరీక్షించడానికి బొంబాయి నుంచి ఇద్దరు వచ్చారు, వీపున గాలి సిలిండర్లతో. వాళ్లకు రేవు చూపించిన బాపు కూలి వద్దన్నాడు. "ఒక్కసారి గది నాకు కట్టుండ్రి సారూ" అని వారం రోజులు వెంటపడ్డాడు. చివరికి కట్టారు.

రెండు నిమిషాలకే ఎగరొప్పుతూ తేలాడు.

"గాలి పీల్చలేదా?" అన్నాడు పుట్టిలో తాడు పట్టుకొని కూర్చున్న బాపు దోస్తు ఇస్రాయేలు.

"నీళ్లల్ల ఎవడన్న పీలుస్తడారా?"

"గందుకే గద కట్టింది, పిచ్చోడా!"

గట్టు మీద అందరం నవ్వాం.

రెండోసారి మునిగినవాడు ఎంతకీ రాలేదు. అమ్మ నవ్వు ఆపి మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగింది. చివరికి పుట్టి పక్కన తేలాడు. పుట్టి ఒడ్డుకు చేరగానే నేను పరుగెత్తి, "ఏమున్నయి బాపూ?" అన్నాను.

"ఏం లేవు బిడ్డా. ఉత్త బురద."

ఆ ముఖం చూసి జాలేసింది. నేను ఆ మాట మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు.

బాపు పోయిన పదోనాడు ఇస్రాయేలు మామ వచ్చాడు. పాపం, అంత ఆశపడితే బురదే దొరికిందని నేనంటే వింతగా చూశాడు.

"బురదెక్కడిదమ్మా! మనిషి పొడుగు వాలుగలు. బొచ్చెలు గుంపులు గుంపులు. మీద చెయ్యేసినా బెదరలేదంట. తేలంగనే నా చెయ్యి పట్టుకొని గిదే చెప్పిండు. గా రోజుల్ల రాళ్లు పేల్చే మందు ఏసి చేపలు పట్టేటోళ్లు. తెలిస్తే సొరంగాన్ని బతకనియ్యరని దాసిండు."

"నాకన్న చెప్పొచ్చు గద మామా?"

"నీకు చెప్తే పొద్దుగూకక ముందే ఊరంత చెప్తవన్నడు."