ఆరు వేలిముద్రలు

స్టాంప్ ప్యాడ్ మూత తీస్తే గుప్పున కొట్టే వాసన నాకు గిట్టదు. చోడవరంలో నాది టైపింగ్ షాపు. ఆ మూత రోజూ పదిసార్లు తీస్తాను. తీసినప్పుడల్లా భీమన్న మాస్టారు గుర్తొస్తారు, ఆయనకి జరిగింది తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

మాడుగుల హైస్కూల్లో ఆయన నాకు లెక్కలు చెప్పారు. కొండ మీద గిరిజన గూడెంలో పుట్టి, ఆ గూడెంలో అందరికంటే ముందు చదువుకున్న మనిషి. క్లాసులో ఎవడైనా వెనక బెంచీలోంచి "కొండోడు" అని గొణిగితే కొట్టేవారు కాదు. వాణ్ణి బోర్డు దగ్గరికి పిలిచి, లెక్క తేలేదాకా పక్కనే నిలబడేవారు. అలా ఒకసారి బోర్డు దగ్గరికి వెళ్ళినవాణ్ణి నేను. నాకు లెక్కలు వచ్చింది ఆ రోజే, సిగ్గు కూడా.

రిటైరయ్యాక ఆయన గిరిజనులకు కేటాయించిన పార్లమెంటు సీటుకి ఇండిపెండెంటుగా నిలబడ్డారు. గెలిచినవాళ్ళు పార్టీ మాట తప్ప కొండ మాట ఢిల్లీలో ఎత్తడం లేదని ఆయన కోపం. ఇండిపెండెంటు పేరుని అక్కడి ఓటర్లు పదిమంది ప్రతిపాదించాలి. ఆ పదిమందినీ జీపెక్కించి నా షాపు దగ్గర దింపారు. ఆరుగురికి సంతకం రాదు. రోజూ చేసే పనే కదా అని నేను ప్యాడ్ తీసి గబగబా వేలిముద్రలు వేయించేశాను. నామినేషన్ మీద వేలిముద్ర అధికారి ఎదుటే పడాలన్న సంగతి నాకు తెలియదు. కాగితాలు తీసుకున్న ఆఫీసులోనూ ఎవరూ నోరు విప్పలేదు. పరిశీలన రోజున మాత్రం పుస్తకం తెరిచి, రూలు మీద వేలు పెట్టి చూపించి, నామినేషన్ కొట్టేశారు.

పెద్ద పార్టీ అభ్యర్థి కాగితాల్లో ఖాళీలుంటే ముందే ఫోన్ చేసి పిలిచి, కుర్చీ వేసి నింపించుకున్నది ఆ ఆఫీసే. నా తప్పు నాదే, ఒప్పుకుంటాను. కానీ ఒకరి దగ్గర తెరుచుకున్న నోరు ఇంకొకరి దగ్గర మూసుకుపోవడం ఏ పుస్తకంలో ఉంది?

బయట మెట్ల మీద మాస్టారి చేతులు పట్టుకున్నాను. "నా వల్లే పోయింది మాస్టారూ."

"నువ్వు పేడ్ తీసేవు, అంతే," అన్నారాయన. "మా గూడేనికి బడి ఎయ్యనోళ్ళు ఆళ్ళే. సదువు లేదు కాబట్టి నీ ఏలిని నమ్మం అంతన్నదీ ఆళ్ళే. ఏటి నాయం బాబూ ఇది?"

ఆ ఆరుగురిలో చిలకమ్మ అనే ఆవిడ తన బొటనవేలి మీది నీలిమరక చూసుకుంటూ అడిగింది. "పేరు రాయడానికి ఎన్నాళ్ళు పడతాది మాస్టారూ?"

ఆయన మర్నాడే పలకలు కొన్నారు. ఆరుగురికీ నేర్పారు, ఆ పక్క గూడేలకీ వెళ్ళి నేర్పారు. మళ్ళీ ఎన్నికలు వచ్చేసరికి ఆయన లేరు.

ఆ ఎన్నికలకి చిలకమ్మ నా షాపుకొచ్చింది, వెంట పదిమందితో.

"నామినేషన్ టైపు సెయ్యి బాబూ."

"ఎవరికమ్మా?"

"నాకే."

అలవాటు కొద్దీ నా చెయ్యి ప్యాడ్ మీదికి పోయింది. చిలకమ్మ నా వైపు చూసింది. "అదెందుకు? మూసీ."

పదిమందీ ఒకరి తర్వాత ఒకరు వంగి, పలక మీద దిద్దినంత మెల్లగా సంతకాలు చేశారు. ఆ కాగితాన్ని ఎవరూ కొట్టేయలేకపోయారు. ఆవిడ గెలవలేదు, అది వేరే సంగతి.

ఆ రోజు నుంచి నా బల్ల దగ్గరికి ఎవరొచ్చినా ముందు పెన్ను ఇస్తాను. రాదంటేనే ప్యాడ్ తీస్తాను. తీసినప్పుడు తల దించుకోవాల్సింది వాళ్ళు కాదని నాకు తెలుసు.