మెరిసే వైపు పెట్టిన బొట్టు

ఆయుధపూజ నాటి సాయంత్రం కంప్యూటర్ పక్కనున్న సీడీ డబ్బా మూత తెరిచాను. మా అమ్మ పాటల సీడీకి మెరిసే వైపున గంధం, ఆ గంధం మీద కుంకుమ. ఒకటి కాదు, మూడు బొట్లు.

పొద్దున మా అత్త స్కూటరుకూ మిక్సీకీ కుట్టుమిషనుకూ బొట్లు పెడుతుంటే, నా పిల్లలిద్దరూ గంధం గిన్నె పట్టుకుని వెంట తిరిగారు. కంప్యూటర్ వంతు వాళ్లే తీసుకున్నారు.

"కనపడిన దానికల్లా పూసేదేనా?" అని అరిచాను.

"మెరస్తా ఉంటే అదే మొగం అనుకున్నా మా," అంది ఏడేళ్ల పాప, కళ్లనిండా నీళ్లతో. చిన్నవాడు అక్క వెనక దాక్కున్నాడు.

"పండగపూట బిడ్డను అట్లా అరస్తావేమ్మే! దేవుడి బొట్టు ఏం సేస్తాది?" అంది అత్త.

నగరిలో మా పుట్టింట్లో మగ్గం ముందు కూర్చుని అమ్మ పాడుకుంటుంటే క్యాసెట్టులో పట్టిన ఆరు పాటలవి. ఆమె పోయాక, ఉన్న ఒక్క క్యాసెట్టునూ తిరుపతిలో ఒక స్టూడియోలో ఇచ్చి సీడీ చేయించాను. తర్వాత క్యాసెట్టు బూజు పట్టి పాడైపోయింది. ఆ గొంతు ఈ సీడీలో తప్ప ఇంకెక్కడా లేదు. కంప్యూటర్‌లోకి ఎక్కించాలని అనుకుంటూనే ఏడాది గడిపేశాను.

కంగారులో చీర కొంగుతో గుండ్రంగా, గట్టిగా తుడిచాను. కుంకుమ పోయింది. లైటు కింద పెట్టి చూస్తే సన్నటి గీతలు.

"ఎంపీత్రీ చేసి పారెయ్‌మే, ఐదు నిమిషాల పని. హార్డుడిస్కు నిండితే మళ్లా నన్నే అంటావు," అన్నాడు మా ఆయన.

సరేనని అప్పుడే ఒక పాటను ఎంపీత్రీ చేసి చూశాను. అమ్మ గొంతు బాగానే ఉంది కానీ, వెనక మగ్గం చప్పుడు నీళ్లలో మునిగినట్టు వినిపించింది. చెవికి అక్కర్లేదనుకున్నదాన్ని అది పారేస్తుంది. పారేసింది మళ్లీ రాదు. ఏదీ పారేయని వేవ్ ఫైళ్లకు చోటు ఎక్కువ కావాలి. ఫ్లాక్ అనే రకం ఫైలు అయితే చీర మడతపెట్టినట్టు, దాదాపు సగం చోటులో సర్దుతుంది. విప్పితే ఒక్క పోగు కూడా తగ్గదు. అదే ఎంచుకున్నాను.

సీడీని డ్రైవు చదివే పద్ధతి మీదే నా భయమంతా. తొందరగా చదివిస్తే, అందని చోట అంచనాతో పూడ్చేసి ఆ సంగతి మనకు చెప్పదు. అందుకని ప్రతి ముక్కనూ రెండుసార్లు చదివి పోల్చే పద్ధతి పెట్టాను. ఐదు పాటలు సరిగ్గా వచ్చాయి. ఆరోదానిలో ఒకచోట డ్రైవు గుర్రుమంటూ చాలాసేపు తంటాలు పడి, ఇక్కడ చదవలేకపోయానని చూపించింది. విన్నాను. రెప్పపాటు సేపు అమ్మ గొంతు తెగింది.

సీడీని బయటికి తీసి, పాటలున్న మేర రంగు తేడాను బట్టి చూశాను. పిల్లలు పెట్టిన బొట్లు మూడూ అంచు దగ్గర, ఏమీ లేని ఖాళీలో ఉండినవే. లోపలిదాకా పోయిన గీత నా కొంగుది.

మరునాడు పొద్దున ఇడ్లీలు తింటున్న పిల్లల దగ్గర కూర్చుని చెప్పాను. "మీరు బొట్లు పెట్టిన కాడ పాటలే లేవు. తుడిచి గీత పెట్టింది నేను. నిన్న నిన్ను ఊరికే అరిచినాను పాపా. మీ అవ్వ పాటలు ఐదు బాగుండాయి. ఆరోదాంట్లో రవ్వంత లేదు, అది నా వల్ల పోయింది."