పచ్చబడిన గోళ్లు

నిన్న తిరుపతిలో పార్లరమ్మాయి నా గోళ్లకు ముందుగా రంగులేని పూత వేసింది. "ఇదేస్తే ఎర్రరంగు మరక గోరుకు పట్టదక్కా" అనింది. ఆ ఘాటు వాసనకు వడమాలపేటలో నా ఐదో తరగతి గుర్తొచ్చింది.

పిన్ని పెళ్లికి పెట్టుకున్న ఎర్ర పాలిష్‌ను చాలా రోజులు అట్లే ఉంచుకున్నాను. బడిలో టీచరు తిడితే ఇంటికొచ్చి రిమూవర్‌తో తుడిచేసినాను. కింద గోళ్లన్నీ పచ్చగా ఉన్నాయి. పచ్చకామెర్లనుకుని ఏడుస్తా నాయనకు చూపించినాను. ఆయన పని మానుకుని, నన్ను బండెక్కించుకుని పుత్తూరులో డాక్టరు దగ్గరికి తీసుకుపోయినాడు.

డాక్టరమ్మ నా కళ్లు చూసింది, గోళ్లు చూసింది. "గోళ్లరంగు పెట్టినావా పాపా?" అనింది. తలూపినాను.

"జబ్బు కాదన్నా, రంగు మరక. గోరు పెరిగేకొద్దీ పోతుంది" అని నాయనతో చెప్పి నవ్వింది. బయట కూర్చున్నోళ్లు కూడా విని నవ్వినారు. నేను చేతులు గౌను కింద దాచుకున్నాను.

నాయన మాత్రం నవ్వలేదు. "కామెర్లు కాదంట గదా, సాలు" అంటా కళ్లు తుడుచుకున్నాడు. నా వల్ల నవ్వులపాలై ఏడుస్తున్నాడనుకుని సిగ్గుతో సచ్చిపోయినాను. దారంతా ఆయన మొహం చూడలేదు.

బిడ్డకు ఏ జబ్బూ లేదని తెలిసినప్పుడు కూడా కన్నీళ్లొస్తాయని, నాకు కూతురు పుట్టినాకనే అర్థమయింది.