తెర అడుగున ఒక ఖాళీ వరుస

మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళు మొదటి రోజు చేసే పని ఒక్కటే, సీనియర్ గారి సెట్టింగుల ఫైలు కాపీ చేసుకోవడం. అందులో ఏముందో చదవకూడదని ఎవరూ అనలేదు, అయినా ఎవరూ చదివేవాళ్ళు కాదు. నేనూ కాపీ చేసుకుని, ప్రసాదం అందినంత సంబరపడ్డాను.

తొంభైల చివరి రోజులవి. హైటెక్ సిటీ చుట్టూ ఇంకా బండలు పేలుస్తూనే ఉన్నారు. మేము దిద్దే ప్రోగ్రాములు మాత్రం మా గదిలో లేవు, సముద్రం అవతల క్లయింటు కంప్యూటర్లో ఉండేవి. ఇక్కడ మీట నొక్కితే అక్షరం అంత దూరం వెళ్ళొచ్చి తెర మీద పడేది. అది వచ్చేదాకా నేను కాళ్ళూపుతూ కుర్చీని పీకి పందిరేసేదాన్ని.

అసలు జబ్బు కర్సర్‌ది. ప్రోగ్రాములు దిద్దడానికి వాడే ఎడిటర్లో ఫైలు తెరవగానే బుద్ధిగానే ఉండేది. కిందికి జరుపుతూ పోతే మాత్రం అది ఒక వరుస మీద కనిపించేది, నేను చెరిపితే పక్క వరుస పోయేది. అలా ఒకరోజు పనికిరాని వరుస అనుకుని ఒక ముఖ్యమైన లెక్కను చెరిపేశాను. క్లయింటు ప్రోగ్రాం ఆగిపోయింది.

సీనియర్ గారిది గుంటూరు వైపు, గొంతు పెంచరు. “ఇంకోసారి ఇలా అయితే ఆ ఫైళ్ళు మీకు ఇవ్వలేనమ్మా. ప్రొబేషన్ కూడా ఉంది కదా,” అన్నారు. తిట్టినా బాగుండేది. ఉద్యోగం పోతుందన్న భయం కంటే, తప్పు నా చేతులదే అనుకుంటారన్న మంట ఎక్కువగా ఉండేది.

పక్క సీటామెది నిజామాబాద్. నా గోల విని నవ్వింది. “గా సముద్రం అవతలికి పోయే లైనే అంత. జరిపినప్పుడల్లా కంట్రోల్ ఎల్ కొట్టు, తెర మళ్ల గీస్తది. ఇగ ఫికర్ ఎందుకే?”

గది మొత్తం అదే కొట్టేది. నాకు మనసొప్పలేదు. సీనియర్ గారి దగ్గరికి వెళ్తే, ఆయన తన పాత పచ్చక్షరాల టెర్మినల్ మీద అదే ఫైలు పై నుంచి కిందదాకా జరిపి చూపించారు. కర్సర్ ఎక్కడా తప్పలేదు.

“నా దగ్గర బాగానే ఉందమ్మా,” అన్నారు. ముఖం మాడ్చుకుని వచ్చేశాను.

కిటికీ దాకా వెళ్ళాను, వచ్చాను. టీ తెచ్చుకుని తాగకుండా వదిలేశాను. “కూసోవే జర, నిన్ను చూస్తుంటే నాకే పరేషాన్ అయితుంది,” అంది పక్కామె.

కూర్చున్నాను. ఏమీ దిద్దకుండా ఒక్కో వరుసే జరిపాను. అప్పుడు కనబడింది. ఎడిటర్ ఫైలు పేరు, వరుస నంబరు లాంటి తన కబుర్లు చెప్పే అడుగు వరుసతో తెర అయిపోవాలి. దాని కింద ఇంకో వరుస ఖాళీగా ఉంది.

కాపీ చేసుకున్న ఫైలు తెరిచి మొదటిసారి చదివాను. తెర ఎత్తు ఇరవై నాలుగు వరుసలని రాసి ఉంది. ఆయన టెర్మినల్‌కు సరిగ్గా అంతే. నా పీసీ తెరకు ఇరవై అయిదు. ఎడిటర్ అడుగుకు చేరాననుకుని పేజీని పైకి నెట్టబోతే, తెరకు ఇంకో వరుస మిగిలి ఉండేది కాబట్టి పేజీ కదిలేది కాదు. అక్కడి నుంచి కనబడేది ఒకటి, ఉన్నది ఒకటి. అంకె మార్చి, మళ్ళీ జరిపి చూశాను. కర్సర్ ఉండాల్సిన చోటే ఉంది. గదంతా తిరిగి చూసేలా అరిచాను.

సీనియర్ గారు వచ్చి, చూసి, “ఊఁ” అని వెళ్ళిపోయారు. ఆ “ఊఁ” నన్ను రోజుల తరబడి కాల్చుకుతింది. ఆయన ఫైలునే తప్పుపట్టాను కదా, ఇక నా పని అయిపోయిందనుకున్నాను.

తర్వాత కొత్తగా ఒకమ్మాయి చేరింది. సీనియర్ గారు నా వైపు చూపించి, “ఆవిడ ఫైలు కాపీ చేసుకోండి. క్లయింటు ఫైళ్ళు కూడా ఇక ఆవిడే చూపిస్తారు,” అన్నారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తుడుచుకుని చూస్తే ఆ అమ్మాయిని కూర్చోబెట్టింది ఇంకో పాత పచ్చక్షరాల టెర్మినల్ ముందు, ఇరవై నాలుగు వరుసలదాని ముందు.

“ఆగండి, కాపీ చేయకండి!” అంటూ పరుగెత్తాను. “ముందు అందులో ఏముందో చదువుదాం.”

కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాను. కాసేపటికి సీనియర్ గారు కూడా తన కుర్చీ లాక్కుని వచ్చారు.